లేని ఆర్డరుకు దిగిన షట్టరు

1998 ఫిబ్రవరి 8, ఆదివారం

ఫకీరా నన్ను మోసం చేశాడు. ఎముకలో రోగం దాచిపెట్టి బిడ్డను నా కొడుక్కి అంటగట్టాడు. ఇన్నేళ్లూ నోటితో అన్నాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. ఎరువుల దుకాణం వాళ్లు ఇచ్చిన డైరీ ఇది. మా లంబాడీ మాటకు అక్షరాలు లేవు. రాత్రిబడిలో నేర్చినవి తెలుగు అక్షరాలు. అందుకని తెలుగులోనే. ఎవరూ చదవనక్కరలేదు.

నిన్న మిర్యాలగూడ సంతలో ఎదురుపడ్డాడు. మఠంపల్లి నుంచి మేకలు తోలుకొచ్చాడు. నేను మొహం తిప్పుకున్నాను. వాడే వచ్చి ముందు నిలబడ్డాడు.

"ధన్‌సింగూ, జూన్‌ల తారాను కోదాడ పంపు. కమ్లి ఆడనే ఆడపిల్లల హాస్టల్ల వంట జేస్తున్నది. తల్లికాడ ఉండి చదువుకుంటది."

"ముందు నసాబుల నిలవడి, మా ఇంటి ఎముక మంచిది గాదని ఒప్పుకో. అప్పుడు పంపుత."

"మా ఇంట్ల పొట్టోడు ఒక్కడున్నడా? ఉంటే సూపియ్. ఎనిమిదేండ్ల సంది గదే పాట."

ఆ పాట నేను ఆపను. ఎనిమిదేళ్ల కింద తండా పెద్దలను నసాబు, అంటే పంచాయితీ, కూర్చోబెట్టి కమ్లిని పుట్టింటికి పంపించింది నేనే. నా మనవరాలు తారాను మాత్రం ఉంచుకున్నాను. నా కొడుకు జైరాం అప్పుడు ఏమీ మాట్లాడలేదు. వాడు ఎప్పుడూ మాట్లాడడు.

చూడకుండా చేసిన పెండ్లి కాదు అది. మా ముత్తాతలు ఎడ్ల మీద ఉప్పు మోసినవాళ్లు. గిట్ట చూసి, కీలు చూసి, నడిపించి చూసి గాని ఎద్దును కొనరు. జైరాంకు పిల్లను అట్లాగే చూశాను. పద్నాలుగు తండాలు తిరిగాను. ఒకదానికి మోకాళ్లు కొట్టుకుంటాయి. ఒకదానికి పాదం లోపలికి పడుతుంది. ఒకదానికి మెడ కురచ. జనం నవ్వారు. జైరాం మీసం నెరిసింది. నేను వంగలేదు. చివరికి కమ్లి దొరికింది. నెత్తిన నిండు బిందె పెట్టి కళ్లంలో అటూ ఇటూ నడిపించాను. చుక్క తొణకలేదు. జొన్నకర్ర లాగా నిలబడింది. నా కొడుక్కి అప్పుడు నలభై నాలుగు. ఆలస్యమైతే ఏం, అసలైనదాన్ని తెచ్చాను అనుకున్నాను.

ఏడాదికి తారా పుట్టింది. తల పెద్దది. చేతులు, కాళ్లు కురచ.

ఫిబ్రవరి 9

తారాను గేజి రాయికి ఆనించి చూశాను. పోయిన హోలీకి ఎక్కడుందో అక్కడే.

సాగర్ ఎడమ కాలువ మీద షట్టర్లు ఎత్తి దించే లష్కరుగా నేను ఉన్నప్పుడు తీసి పారేసిన రాయి అది. తెచ్చి ఇంటి ముందు పాతుకున్నాను. అడుగులు, అంగుళాలు దాని మీద చెక్కి ఉంటాయి. నీళ్లను కొలిచిన రాయి అబద్ధం చెప్పదు.

"రాయి గూడ పెరుగుతున్నదేమో దాదా. గందుకే నేను ఆడనే ఉన్న" అన్నది పిల్ల. నవ్వు రాలేదు నాకు.

ఫిబ్రవరి 23

బడి పంతులు చెప్పాడు. సూర్యాపేటలో సులోచన అని ఎముకల డాక్టరమ్మ ఉన్నదట. పిల్లల ఎముక రోగం ఎవరి వైపు నుంచి దిగిందో కూడా చెబుతుందట.

రుజువు దొరుకుతుంది. ఫకీరాను నసాబులో నిలబెడతాను.

మార్చి 4, బుధవారం

సూర్యాపేట పోయి వచ్చాం, నేనూ తారా. పొద్దున బస్సుకు పోతే మధ్యాహ్నానికి గాని లోపలికి పిలవలేదు. డాక్టరమ్మ చిన్నది, ముప్పై ఉంటాయేమో. పిల్లకు ఎక్స్‌రేలు తీయించింది. ఒక ఫిలిం కిటికీకి అడ్డం పెట్టి నన్ను దగ్గరికి రమ్మన్నది.

"తాతా, ఎముక కొసన ఈ నల్లగీత కనవడుతుందా? ఇక్కడ ఎముక లేదు. మెత్తెముక. మీ చెవి పట్టుకొని చూడండి, గట్లాంటిదే. పిల్లలు పొడుగయ్యేది ఈ గీత కాడనే."

చెవి పట్టుకుని చూశాను. తారా కూడా తన చెవి పట్టుకున్నది.

ఆ మెత్తెముకలో కంటికి కనిపించని కణాలు బిల్లల దొంతర లాగా పేర్చుకుని ఉంటాయట. మొదట ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. తరువాత ఉబ్బుతాయి, ముదురుతాయి, చచ్చిపోయి ఆ జాగాను గట్టి ఎముకకు వదిలిపెడతాయి. అట్లా కొసకు కొస ఎముక పొడుగవుతుంది. నేను అడిగాను, ఎప్పుడు ముదరాలో వాటికి ఎట్లా తెలుస్తుందని.

"కబుర్లు పంపుకుంటయి తాతా. కొసన ఉన్నవి, ఇప్పుడే ముదరకండి, ఇంకా పెరగండి అంటయి. ముదిరేటివి, మేము ముదురుతున్నం అని వెనక్కి కబురు పెడతయి. అది విని కొసన ఉన్నవి మళ్లీ ఆగమని చెప్తయి. ఇట్ల నడుస్తనే ఉంటది. ఇంకో కబురు ఉంటది, 'ఆపు' అని. అది కూడా కావాలె. లేకుంటే ఎముక అద్దూ అదుపూ లేకుండ పెరుగుతది."

ఇది నాకు తెలిసిన పనే. సెక్షన్ ఆఫీసు నుంచి వైర్‌లెస్‌లో ఆర్డరు వస్తుంది, షట్టరు ఇంత దించు అని. దించుతాం. ఎత్తమంటే ఎత్తుతాం. పొట్టమీదున్న వరి ఎండుతున్నదని రైతులు నా కాళ్ల మీద పడ్డారు, నన్ను బూతులు కూడా తిట్టారు. పైవాళ్లను అడగండి, నాకు వచ్చిన ఆర్డరు ఇది అన్నాను. నా సర్వీసులో ఆర్డరు లేకుండా షట్టరు ముట్టలేదు.

"మరి ఈ పిల్లకు ఆపమని ఆర్డరు ఇచ్చినోడు ఎవడమ్మా?"

"ఎవరూ ఇయ్యలే తాతా. కబురు అందుకునేది ఒకటి ఉంటది కణం మీద. తారాకు అది తయారవుడే తప్పుగ తయారైంది. కబురు రాకున్నా వచ్చినట్టే అనుకుంటది. రాత్రి లేదు, పగలు లేదు, ఆపు ఆపు అంటనే ఉంటది."

"లేని ఆర్డరుకు షట్టరు దించే లష్కరు ఉంటడా?"

"ఉన్నడు కదా" అని ఫిలిం మీద వేలు పెట్టింది.

సరే, ఆ షట్టరు ఎత్తు అన్నాను. దానికి మందు లేదట. ఎముకను కోసి, ఇనుప చువ్వలు పెట్టి, కొంచెం కొంచెం లాగే ఆపరేషను హైదరాబాదులో చేస్తారట. ఏళ్లు పడుతుందట, నొప్పి. చేసినా లోపలి కబురు మారదట. "బుద్ధికి ఏం తక్కువ లేదు ఈమెకు. చదివించండి. నడుము, కాళ్లు జర చూస్తుండండి" అన్నది.

అప్పుడు వచ్చిన పని అడిగాను. తల్లి వైపు నుంచి కదా?

తల్లి ఎత్తు అడిగింది. తల్లి అన్నదమ్ములను అడిగింది. మా వైపు వాళ్లను అడిగింది. అందరూ నిలువెత్తు మనుషులే అని చెప్పాల్సి వచ్చింది.

"అయితే ఎవరి వంశంలోంచీ రాలే. కొత్తగా పుట్టిన తప్పు. ఒక్క అక్షరం తప్పు పడ్డట్టు. ఇది మాత్రం ఎక్కువ తండ్రి వైపు నుంచే వస్తది. తండ్రి వయసు ముదిరినకొద్దీ తప్పు పడేది పెరుగుతది. ఈమె పుట్టేనాటికి తండ్రికి ఎన్నేండ్లు?"

చెప్పాను.

"అంత ఆలస్యం ఎందుకైంది తాతా?"

పద్నాలుగు తండాల సంగతి చెప్పాను. గిట్ట, కీలు, నడక. తల ఎత్తుకునే చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టి నా వైపు చూసింది. తారా బల్ల మీద కూర్చుని, కిందికి అందని కాళ్లు ఊపుతూ వింటున్నది.

తిరుగు బస్సులో అడిగింది. "గదంటే అమ్మది గాదు గదా దాదా?"

"పెద్దోళ్ల మాటలు నీకెందుకు. పల్లీలు తిను."

మార్చి 5

ఏమీ లేదు. ఎడ్లను కడిగాను.

మార్చి 6

ఏమీ లేదు.

మార్చి 17

డాక్టరమ్మ చిన్నది. పుస్తకంలో చదివింది చెప్పింది. ఫకీరా ఇంట్లో మూడు తరాల కింద ఎవడున్నాడో ఆమె చూసిందా? జైరాంతో మందు లేదట అన్నాను. మందు లేదన్నది నిజమే కదా. మిగతాది చెప్పే అవసరం లేదు.

ఏప్రిల్ 12, ఆదివారం

తారా చెప్పేసింది వాళ్ల నాయనకు.

ఎడ్ల దగ్గర ఉన్నాను. జైరాం వచ్చి కొట్టం గుంజకు ఆనుకున్నాడు. వాడికి యాభై ఆరేళ్లు. నాతో ఇంత సేపు మాట్లాడింది ఇదే మొదలు.

"బాపు, రంగి యాదికున్నదా నీకు?"

"ఏ రంగి?"

"చిలుకూరు దిక్కు తండ రంగి. నాకు ఇరవై రెండేండ్లప్పుడు. నాకు నచ్చింది, ఆమెకు నేను నచ్చిన. పాదం లోపటికి వడుతదన్నవ్."

"పడుతది. నా కండ్లతోని చూసిన."

"ఐదుగురు పిల్లలు ఆమెకు. మొన్న కోదాడ బస్టాండ్ల చూసిన. ఒక్కొక్కడు కరెంటు స్తంభం లెక్క ఉన్నడు."

నేను ఎద్దు గిట్ట పట్టుకుని రాయి తీస్తున్నాను. రాయి లేదు. అయినా తీస్తున్నాను.

"మంచి ఎముక కావాలంటివి. దొరికిందాక ఆగుమంటివి. ఆగిన. నువ్వు చెప్పంగనే ఆగిన బాపు."

"నా మంచికి చూసిన్నా? నీ మంచికే గదరా."

వాడు పోయాడు. అన్నం తినలేదు. నేను తిన్నాను. తినకపోతే తప్పు చేసినవాడిలాగా కనిపిస్తాను.

మే 6

ఒక్కణ్ణే సూర్యాపేట పోయాను. పిల్ల లేదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పు అన్నాను డాక్టరమ్మతో. తల్లి నుంచి వచ్చి ఉండదా, ఖాయమేనా?

"ఈ ఒక్క పిల్ల సంగతి ఖాయంగా చెప్పలేం తాతా. ఎక్కువ మందిలో తండ్రి నుంచి వస్తదని మాత్రం తెలుసు. అయినా ఎవరి తప్పు ఉందిందులో? ఎవరూ చేసింది కాదు."

ఖాయంగా చెప్పలేం అన్నది. నాకు అది చాలు. అక్కడే లేచాను.

ఎవరి తప్పూ కాదు అని ఎట్లా అంటుంది? ఎవరి తప్పూ కాకపోతే ఈ ఎనిమిదేళ్లు నేను చేసింది ఏమిటి?

మే 7

ఖాయంగా చెప్పలేం అన్నది. అదీ మాట.

మే 24, ఆదివారం

నసాబు కూర్చోబెట్టాను. తండా పెద్ద, నాయకు భద్రు ఇంటి ముందు. ఫకీరా వచ్చాడు. కమ్లి కూడా వచ్చింది, కోదాడ నుంచి. జుట్టు తెల్లబడింది గాని నడుము వంగలేదు. తారా పోయి ఆమె నడుముకు చుట్టుకున్నది. చేతులు చుట్టూ అందలేదు. కమ్లి కింద కూర్చున్నది, అందేటట్టు.

నేను లేచి నా మాట చెప్పాను. ఎముక దాచి పిల్లనిచ్చారు, ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే తారాను పంపుతాను. ఫకీరా నోరు తెరవబోతే కమ్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"మళ్ల బిందె పెట్టుమంటవా మామా? పెట్టు. అందరు సూడంగ నడుస్త. నా నడక ఏం మారలే."

ఎవడో నవ్వాడు. ఆడవాళ్లు కూడా నవ్వారు.

జైరాం లేచాడు. నసాబులో వాడి గొంతు విన్నవాళ్లు లేరు. "డాక్టరమ్మ నా దిక్కు నుంచి అన్నది. నా వయసు ముదిరినంక పుట్టిన పిల్ల గావట్టి. కమ్లి దిక్కు గాదు" అన్నాడు. నా వైపు చూడలేదు. నేలను చూసి చెప్పాడు.

భద్రు నాకంటే ఎంతో చిన్నవాడు. మర్యాదగానే అడిగాడు. "కాకా, నిజమేనా? డాక్టర్ గట్లన్నదా?"

"ఖాయంగ చెప్పలేమన్నది."

"ఏంది ఖాయంగ చెప్పలేమన్నది కాకా? జర ఇడమర్చి చెప్పు."

ఎండ ఎక్కువగా ఉన్నది. కూర్చున్నాను.

పిల్లను తల్లి దగ్గరికి పంపాలని తీర్పు చెప్పారు. ఎనిమిదేళ్ల కింద నేను చెప్పినట్టు విన్న పెద్దలే, ఒకరిద్దరు చచ్చిపోయారు అంతే.

ఫకీరా తన ఎముక తప్పని ఒప్పుకోలేదు. అది మాత్రం రాసి పెడుతున్నాను. ఒప్పుకోలేదు.

జూన్ 11

తారా పోయింది. పోయేముందు తనే పోయి గేజి రాయికి ఆనుకుని నిలబడ్డది. "సూడు దాదా" అన్నది. చూశాను. పెరిగినవ్ అని చెప్పాను. పెరగలేదు.

జైరాం కూడా పోయాడు, కోదాడ మిల్లులో పని దొరికిందని. బట్టల మూట కట్టుకుంటుంటే ఎన్ని రోజులకు వస్తావని అడిగాను. చూస్త అన్నాడు.

జూన్ 12

ఏమీ లేదు.

జూన్ 30

వాన లేదు. కాలువకు నీళ్లు లేవు. ఎడ్లను అమ్మేద్దామా అనుకున్నాను. గిట్టలు చూశాను. మంచి ఎడ్లు. నేను చూసి కొన్న ఎద్దు ఏదీ చెడిపోలేదు.

జూలై 19, ఆదివారం

జైరాం వచ్చాడు. బీడీ ముట్టించి కూర్చున్నాడు.

"తారా కాళ్లకు తిమ్మిరెక్కుతున్నది బాపు. హాస్టల్ మెట్లు ఎక్కలేకపోతున్నది. మొన్న బడికి పోతంటె రోడ్డు మీద కూలవడ్డది."

"డాక్టరమ్మకు చూపియ్యలేదా?"

"సూపిచ్చిన. ఎన్నుపూసల నరం పోయే తొవ్వ ఇరుకైందట. గా మెత్తెముకే ఈడ గూడ ముందుగల్ల గట్టివడి అతుక్కున్నదట. పిల్ల పెరుగుతది, తొవ్వ పెరుగదు. నరం నలుగుతున్నది."

"కోసి వెడల్పు చెయ్యరాదా?"

"హైదరాబాద్ల చేస్తరట. నడుస్తదో, ఉన్న నడక గూడ పోతదో ఖాయంగ చెప్పలేమన్నరు."

ఆ మాట వాడు మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం మళ్లీ చెప్పు అనాలనిపించింది.

"కమ్లి ఏమంటున్నది?"

"ఏమంటది? ఎత్తుకొని పోతున్నది బడికి. పొద్దున, పొద్దుమూకి."

కమ్లి నడక తొణకని నడక. దాన్ని ఎంచింది నేనే.

ఆగస్టు 4

ఆపరేషనుకు తేదీ ఇచ్చారట, వచ్చే సోమవారం. నేను రావాలా అని కబురు పెట్టాను. వద్దన్నారు.

ఆగస్టు 6

తీజ్ మొదలయింది. పెండ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి నింపి గోధుమలు చల్లారు. తొమ్మిది రోజులు నీళ్లు పోసి, మొలకలను శనివారం, జెండా పండుగ నాడు కాలువలో కలుపుతారు. మొలక ఎంత పొడుగైతే ఆ పిల్లకు అంత మంచిదని మా నమ్మకం. తారా కొంగుముక్కలో గోధుమలు కట్టి పంపింది. దాని పేరు మీద భద్రు కూతురు చల్లింది.

ఆగస్టు 10, సోమవారం

ఈ రోజే. ఏ కబురూ రాలేదు.

ఆగస్టు 11, మంగళవారం

పొద్దున భద్రు ఇంటి ముందు నిలబడి బుట్టలు చూశాను. ఒక బుట్టలో మొలక మిగతావాటికంటే రెండంగుళాలు మీదికి లేచింది. ఎవరిదని అడిగాను. తారాది అన్నారు.

మధ్యాహ్నం జైరాం హైదరాబాదు నుంచి వచ్చాడు. అన్నం కూడా తినకుండా మళ్లీ బయలుదేరాడు. చెప్పింది మూడు మాటలు. ఆపరేషన్ అయింది. తెలివి వచ్చింది. కాళ్లు కదలడం లేదు. నడుము కింద గిల్లితే తెలియడం లేదట. ఇగ కదలవా అని అడిగాను. కదలకపోవచ్చన్నారట.

"ఏడ్చిందా?"

"లేదు. తీజ్ మొలకలు ఎంతయినయని అడిగింది. నిన్ను అడిగి రమ్మన్నది."

రెండంగుళాలు ఎక్కువ ఉన్నాయని చెప్పమన్నాను. వాడు తల ఊపి చెప్పులు తొడుక్కున్నాడు. బస్సుకు టైం అవుతుందన్నాడు. రోడ్డు దాకా వాడి వెనుక పోయాను. నాకు అడగాల్సింది ఉన్నది. ఎనిమిదేళ్లుగా ఫకీరాను అడిగిందే అనుకున్నాను. కాదు, అది కాదు.

"జైరాం, ఒక్క మాట చెప్పి పో. గా ఆర్డరు ఎవడిచ్చిండు?"

"ఏ ఆర్డరు బాపు?"

"ఆపుమని. పిల్ల ఎముకకు ఆపుమని. ఎవడో ఒకడు ఇస్తేనే గదరా షట్టరు దిగేది."

వాడు నన్నే చూశాడు. బస్సు వచ్చింది. ఎక్కాడు. కిటికీ నుంచి కూడా చూశాడు.

వాడికి తెలుసు. కమ్లికి తెలుసు. ఆ రోజు పెన్ను కింద పెట్టిన డాక్టరమ్మకు తెలుసు. నా ముందు ఎవరూ నోరు తెరవరు. ఎవరూ ఇవ్వలేదు అంటే నేను ఒప్పుకోను. ఫకీరా ఇచ్చాడా, కమ్లి ఇచ్చిందా, జైరాం ఇచ్చాడా, ఇంకెవడైనా ఇచ్చాడా, పేరు చెప్పాలి. నా ఇంటికి వచ్చి నా మొహం మీద చెప్పాలి. శనివారం మొలకలు కాలువలో కలుపుతారు. నేను కాలువకు పోను. గేజి రాయి దగ్గరే కూర్చుంటాను. ఆ రోజు పొద్దుగూకే లోపల నాకు జవాబు కావాలి.